నవ్విన ఫోటో

కోడంబాక్కం, 1976

అక్కా,

నీ దగ్గరున్న మా పాప, అమ్మ పోయాక నాయన నవ్వుతున్నాడా అని అడుగుతోందని రాశావు. ఈ జాబుతో నా ఫోటో పంపుతున్నాను, చూపించు.

దేశాన్ని ఇంగ్లీషు కుంఫిణీ పాలు చేసిన దొర మీద సినిమా తీస్తున్నారు. ఆయన వీరుడో దొంగో తీసేవాళ్ళకే తెలియదు. దొర గుర్రం మీద పోతుంటే దారంతా కరువు శవాలు. అందులో నేనొకణ్ణి. కదలకుండా పడుకున్నానని డైరెక్టరు మెచ్చుకున్నాడు.

శవం వేషం వేసినవాళ్ళు లేచి నవ్వుతూ ఫోటో దిగితేగాని కీడు పోదని ఇక్కడి ఆచారం. అందరూ నవ్వారు. నాకు రాలేదు.

"ఒకతూరి నవ్వెయ్యప్పా, అందరూ ఇంటికి పోవాల" అన్నాడు మేకప్ ఆనందన్. దొర వేషగాడు కూడా వచ్చి బతిమాలాడు. పళ్ళు కనబడేట్టు పెదాలు లాగాను. తీసుకున్నారు.

నా మంగను వాకిట్లో పడుకోబెట్టిన రోజున, లేచి నవ్వమని ఎవరూ అడగలేదక్కా.

నీ తమ్ముడు