సోలార్ పలకలు ఎవరి పేరున

నాన్నా,

పొద్దున మేడ మీద సోలార్ పలకను చేత్తో తుడిస్తే మిరప దుమ్ము అంటి అరచెయ్యి ఎర్రబడింది. పక్కింట్లో మిరపకాయలు బస్తాలకు తొక్కుతున్నారు.

నువ్వు పోయిన కొద్ది రోజులకే పలకలు కరెంటివ్వడం మానేశాయి. వాటి అద్దె బిల్లు మాత్రం నీ పేరున వస్తూనే ఉంది, కడుతూనే ఉన్నాను. కంపెనీకి ఫోన్ చేస్తే, ఒప్పందం ఎవరి పేరున ఉంటే వాళ్ళే ఫిర్యాదు చెయ్యాలన్నారు. ప్రతిసారీ "నాన్న పొలం వెళ్ళారండీ" అని పెట్టేశాను.

ఇవాళ నీ సంతకం కోసం కంపెనీ మనిషే వచ్చాడు. తుమ్ముతూనే మేడెక్కాడు.

"పలకల పక్కన కాయలు ఆరబోస్తే దుమ్ము పట్టదామ్మా?"

"మేడంతా మీ పలకలే పరిచారు. కాయలు నీ నెత్తిన ఆరబొయ్యమంటావా?" అంది అమ్మ.

అతను నవ్వి నా వైపు తిరిగాడు. "సారు సంతకం పెడితే రేపే మెకానిక్కుని పంపిస్తానండీ. పొలం నుంచి ఎప్పుడొస్తారు?"

"ఏ పొలం?" అంది అమ్మ.

"నాన్న చనిపోయారండీ" అన్నాను.

అతను కాగితం తీశాడు. నీ పేరు కొట్టేసి, నా పేరు అడిగి రాసుకున్నాడు. సంతకం పెట్టాను.

రేపు మెకానిక్ వస్తాడు. ఈ సాయంత్రం ప్రార్థనకు పాస్టరు గారు వస్తారు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.