ఎంత వయసో అంత లోతు

మార్చి 2, ఆదివారం

ముప్పై అయిదా, యాభయ్యా, అరవయ్యా? మూడు వారాలైంది. తేలలేదు.

రోడ్ సైకిలుకి కార్బన్ చక్రాలు వేసుకుందామన్నది నా కోరిక. పాపం చిన్న కోరికే. దానికి రిమ్ లోతు, అంటే టైరు నుంచి ఇరుసు వైపు దిగే పలక ఎన్ని మిల్లీమీటర్లుండాలో, ముందు తేల్చుకోవాలట. రిమ్ ఎంత లోతుంటే ఎదురుగాలిని అంత బాగా కోసుకుంటూ పోతుందట. కానీ గాలి పక్కనుంచి కొడితే అంత లోతూ తెరచాపే. మరి గాలి ఎటునుంచి వస్తుందని అడిగితే, అది గాలినే అడగమన్నాడు పళ్ళ డాక్టరు. మా సైకిలు గ్రూపుకి పెద్ద ఆయనే. తను వాడేది యాభై. గ్రూపులోనే ఉన్న బ్యాంకు క్యాషియరు ముప్పై అయిదు చాలు, నీ స్పీడుకి అదే దండగ అన్నాడు. వీడియోలో ఒకాయన అరవై కంటే తక్కువైతే అసలు కొనకండి అన్నాడు. అదే ఆయన ఇంకో వీడియోలో అరవై కొన్నవాళ్ళని చూసి నవ్వాడు.

నేను గాజు కోసేవాణ్ణి. మా షాపులో నాలుగు ఎం.ఎం. అంటే కిటికీ, పన్నెండు ఎం.ఎం. అంటే టేబులు. మిల్లీమీటరు చెప్తే పని తెలిసిపోవాలి. ఇక్కడ చెప్పినకొద్దీ తెలిసింది కూడా పోతోంది.

మార్చి 5, ఉదయం 7

ఒళ్ళు మండి గ్రూపులో ఒకటి వదిలాను. రిమ్ లోతు మీద పదేళ్ళు పరిశోధన చేసి ఒక ఇంజనీరు సూత్రం కనిపెట్టాడు, తొక్కేవాడి వయసెంతో రిమ్ లోతు అన్ని మిల్లీమీటర్లు, ఎందుకంటే వయసుతో పాటు నరాల్లో నిదానం పెరిగి హ్యాండిల్ కుదురుగా ఉంటుంది, అని. కింద ఒక గ్రాఫు కూడా పెట్టాను. అది మా ఇంటి కరెంటు బిల్లు మీది గ్రాఫు.

టీ చల్లారిపోయేదాకా ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

మార్చి 6

నలభై మందిలో ఒక్కడు కూడా నవ్వలేదు. పళ్ళ డాక్టరు బొటనవేలు చూపించాడు. గ్రాఫు చాలా స్పష్టంగా ఉందన్నాడు ఇంకొకడు. ఉండదూ! ఎండాకాలం ఫ్యాన్లు తిరిగాయి మరి.

ఎనిమిదేళ్ళుగా తన వయసు నలభై అనే చెప్పుకుంటున్న క్యాషియరు, గుట్టుచప్పుడు కాకుండా యాభైకి ఆర్డరిచ్చాడట. దొంగ దొరికాడు.

మార్చి 9, ఆదివారం

చక్రాల మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. మంచివాడు. స్పోకుని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని బిగువు చెప్తాడు. ఎవరినీ ఎదురు ప్రశ్న వేయడు. అన్నీ చెప్పి, ఏది తీసుకోమంటారని నేనడిగితే, వేళ్ళకంటిన గ్రీజు తుడుచుకుంటూ, మీ వయసెంత సార్ అన్నాడు.

నలభై ఏడు అన్నాను.

అయితే లెక్క ప్రకారం నలభై ఏడు రావాలి, అది తయారవదు కాబట్టి నలభై అయిదో యాభయ్యో చూసుకోండి అన్నాడు. పెరిగే వయసే కానీ తరిగేది కాదు కదా, యాభై మేలు అని కూడా అన్నాడు. ఇంత ఓర్పుగా నాకింతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి నలభై అయిదా, యాభయ్యా అని కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. అరగంట తర్వాత గుర్తొచ్చింది, ఆ లెక్క రాసిన వెధవని నేనేనని.

మార్చి 14

మా తోడల్లుడు అరవై కొన్నాడు.

మా ఆవిడ అక్క భర్త, మా గ్రూపులోవాడే. ముందుగానే రిటైరైన సర్వేయరు. మనిషి కొలబద్దలా ఉంటాడు, పొడుగూ అంతే, లావూ అంతే. యాభై అయిదు కిలోలు, అదీ షూతో కలిపి. అలాంటివాడు ఆ రెండు నల్లటి చక్రాల్ని చంటిపిల్లల్లా చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. వదిన వెనకాలే వచ్చింది. ఈయన రాత్రి వాటిని మంచం పక్కనే పెట్టుకున్నాడని మా ఆవిడతో చెప్పింది.

అరవై ఎందుకన్నయ్యా అన్నాను. నాకు అరవై వస్తోంది కదా తమ్ముడూ అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

ముప్పయ్యో తారీఖున మా గ్రూపంతటికీ నలభై కిలోమీటర్ల రేసు. మధ్యలో ఏటి మీద రెండు కిలోమీటర్ల వంతెన. దాని మీద గాలి ఎప్పుడూ పక్కనుంచే.

చాలా బాగున్నాయన్నాను.

మార్చి 16, ఆదివారం, ఉదయం 9

ఇప్పుడే ఇంటికొచ్చాను.

వంతెన మీద ప్రాక్టీసుకి వెళ్ళాం. తోడల్లుడు ముందు, నేను వెనక. సగం దాటాక గాలి ఒక్క తోపు తోసింది. ఆయన సైకిలు ముందు చక్రం ఎవరో చొక్కా పట్టి లాగినట్టు రోడ్డు మధ్యకి వెళ్ళిపోయింది. వెనక లారీ. హారను కొట్టాడో, బ్రేకే కొట్టాడో తెలియదు, నాకు రెండూ కలిసి వినిపించాయి. ఆయనకీ లారీకీ మధ్య జానెడు.

వంతెన దిగి కూర్చున్నాడు. నీళ్ళ సీసా మూత తీయలేకపోతే నేను తీసిచ్చాను. తాగి, అరవై నిండడానికి ఇంకా మూడు నెలలుంది తమ్ముడూ, అందుకే చక్రం ఇంకా మాట వినడం లేదు అన్నాడు.

నవ్వొచ్చి ఉండాల్సింది.

మార్చి 17

ఇవాళ ఆరడుగుల అద్దం ఒకటి రోడ్డు దాటించాం. నేనూ, షాపు ఓనరూ. గాలి లేచింది. గాలికి ఎప్పుడూ అంచే చూపించాలి, ముఖం చూపించకూడదు. ముఖం చూపిస్తే అద్దం మనల్ని మోసుకుపోతుంది. ఇరవై అయిదేళ్ళుగా చేస్తున్న పని ఇది. ఆ రిమ్ కూడా అద్దమే కదా. వెనక చక్రమైతే మనిషి బరువు కింద నలిగి ఊరుకుంటుంది. ముందుదే తిరిగేది, తిప్పేది. యాభై అయిదు కిలోల మనిషి చేతికి అంత పలకనిచ్చి వంతెన ఎక్కించింది ఎవడు?

ఎవడో తెలుసు.

మార్చి 18, సాయంత్రం 5

వెళ్ళి చెప్పేశాను. ఆ లెక్క నేనే పుట్టించాను, ఇంజనీరు లేడు, గ్రాఫు మా కరెంటు బిల్లు, ముందు చక్రం మార్చెయ్యి అన్నయ్యా అని.

తోడల్లుడు పడీ పడీ నవ్వాడు. నీకింకా అరవై పెట్టే వయసు రాలేదని కుళ్ళు అన్నాడు. కరెంటు బిల్లట, కరెంటు బిల్లు, అని వదినని పిలిచి మరీ చెప్పాడు. వదిన కూడా నవ్వింది. ఈ మరిది గారు మారరు, చావు దగ్గర కూడా ఏదో ఒకటి కల్పిస్తారు అంది.

ఒట్టేశాను. ఒట్టు వేస్తే ఇంకా నవ్వారు.

నిజం చెప్తుంటే నా గొంతు వణికింది. అబద్ధం చెప్పేటప్పుడు ఏనాడూ వణకదు. అదే కొంప ముంచింది.

మార్చి 20

నువ్వైనా మీ అక్కకి చెప్పవే అని మా ఆవిడని బతిమాలాను. కొత్త వాషింగ్ మెషిన్‌కి మూడు రోజులు ఇంటి గాలి అలవాటు కావాలని చెప్తే నమ్మి దుప్పట్లు కూడా చేత్తో ఉతికినదాన్ని, ఇంక మీ మాట మోసుకెళ్ళి మా బావ దగ్గర చెవిలో పువ్వు పెట్టుకోలేను అంది.

ఆ సంగతి జరిగి పదకొండేళ్ళు. ఆడవాళ్ళ దగ్గర ఏదీ పాతబడదు.

మార్చి 22

మెకానిక్‌ని పట్టుకున్నాను. మీరు చెప్తే మా తోడల్లుడు వింటాడు, ఆ లెక్క తప్పని ఒక్క మాట చెప్పండి అన్నాను. ఆయన కంగారు పడ్డాడు. తప్పెలా అవుతుంది సార్ అన్నాడు. ఇదివరకు ఒక్కొక్కరు రెండేసి గంటలు నిలబడి తేల్చుకోలేక వెళ్ళిపోయేవాళ్ళట. ఇప్పుడు వయసు చెప్తున్నారు, తీసుకెళ్తున్నారు, ఒక్కరూ వెనక్కి తేలేదట. మీరు ఎంతో చదివి పెట్టారు కదా సార్, నేను అందరికీ మీ పేరే చెప్తున్నాను అన్నాడు.

నేను తొమ్మిదో తరగతిలో రెండుసార్లు కూర్చున్నానని ఆయనకి తెలియదు.

మార్చి 23, ఆదివారం

తోడల్లుడు మళ్ళీ వంతెనకి వెళ్ళొచ్చాడట. మోచెయ్యి గీరుకుపోయింది. రెయిలింగు ఆపిందట.

మార్చి 24

నిజం ఒక్కటే ఉంటుంది, అబద్ధాలు వంద అంటారు. అందుకే కాబోలు నిజానికి దిక్కుండదు. పోలీసులకి చెప్పాలా? ఏమని? మా తోడల్లుడు తన వయసుకి తగ్గ చక్రం కొన్నాడనా?

టైర్లు కోసేస్తే? కొత్తవి వేస్తాడు. రేసు నిర్వాహకులకి ఫోన్ చేశాను. ఎంత లోతైనా రూలుకి అభ్యంతరం లేదన్నారు. ఇంతకీ మీ వయసెంత అని అడిగారు.

వాళ్ళు కూడానా?

మార్చి 25, ఉదయం 6

నిద్ర లేస్తూనే తట్టింది. గ్రూపులో పెట్టాను.

సవరణ: ముందు మన దాకా వచ్చింది సగం సూత్రమే. వయసు లెక్క వెనక చక్రానికి మాత్రమే. ముందు చక్రం లోతు, పెళ్ళయి ఎన్నేళ్ళయితే అన్ని మిల్లీమీటర్లు. ఎందుకంటే సైకిలుకి దారి చూపించేది ముందు చక్రం. మన ఇళ్ళలో దారి చూపించేది ఎవరో పరిశోధన అక్కర్లేదు.

ఈసారి గ్రాఫు కూడా పెట్టలేదు. గొంతు వణకలేదు, వేలు వణకలేదు.

పది నిమిషాల్లో తోడల్లుడు ఫోన్. ఇదన్నమాట సంగతి, నేను అప్పటికీ అనుకుంటూనే ఉన్నాను ఎక్కడో ఏదో తేడా ఉందని, అన్నాడు. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళట. వెనకనుంచి వదిన గొంతు: ఇరవై తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు.

ముప్పై పెట్టుకో అన్నయ్యా అన్నాను.

మార్చి 27

షాపులో ముప్పై లేదు. రెండు వారాలు పడుతుందన్నాడు మెకానిక్. నా పాత అల్యూమినియం చక్రం లోతు సరిగ్గా ముప్పై. విప్పి ఇచ్చేశాను. డిస్కు బ్రేకు కాస్త రాసుకుంటుంటే మెకానిక్ సరిచేశాడు. నా సైకిలుకి ముందు చక్రం లేదు కాబట్టి తోడల్లుడు తన అరవై నాకిచ్చాడు. ముందు ఏనుగు, వెనక ఎలుక.

నీకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళే కదా, ఇది నీకు చాలా ఎక్కువ తమ్ముడూ, వంతెన మీద జాగ్రత్త అన్నాడు. ఆయన కళ్ళల్లో నిజంగా జాలి ఉంది.

కొసకి నాకు ఏ చక్రం కావాలో నేను తేల్చుకోనే లేదు. అదే వచ్చి చేరింది.

మార్చి 30, ఆదివారం, మధ్యాహ్నం 12

వంతెన ఎక్కేసరికి గాలి గూబ మీద కొట్టినట్టు కొట్టింది. నా ముందు చక్రం ఒకసారి ఏటివైపు, ఒకసారి డివైడరు వైపు. ఎనభై నాలుగు కిలోల మనిషిని, నన్నే గాలిపటం చేసింది. వంద గజాలు వెళ్ళి దిగిపోయాను. షూ కింద పెడలుకి బిగిసే క్లీట్లతో టకటకలాడుకుంటూ సైకిలు పట్టుకుని నడిచాను. వెనకున్నవాళ్ళందరూ దాటిపోయారు. క్యాషియరు, వంతెన కొలుస్తున్నావా, మీ తోడల్లుడు సర్వేయరు కదా, ఆయన్నడిగితే చెప్తాడుగా అని అరిచి మరీ వెళ్ళాడు. అననీ.

దూరంగా పసుపు చొక్కా కనిపిస్తోంది. దాన్నే చూస్తూ నడిచాను. ఒకసారి ఊగింది. నిలబడిపోయాను. మళ్ళీ నిటారుగా, దారం కట్టి లాగినట్టు వెళ్ళిపోయింది. అవతల వంతెన దిగడం చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. నా పక్కన వాలంటీరమ్మాయి, అంకుల్ ఆంబులెన్సు పిలవమంటారా అంది.

యాభై అయిదు పైబడిన ఆరుగురిలో మా తోడల్లుడు మూడోవాడు. మైకు ఇచ్చారు. రెండు మాటలు చెప్పమంటే రెండు సూత్రాలూ చెప్పాడు. వెనకదానికి వయసు, ముందుదానికి పెళ్ళి. వదిన చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. ఆఖర్న నడిచొచ్చిన నన్ను చూపించి, చూశారుగా, లెక్క తప్పితే ఇదీ గతి అన్నాడు.

మార్చి 31

మందు సరైనదే, చీటీ దొంగది. మనిషి బతికాడు. ఇప్పుడు చీటీ చింపాలా, ఉంచాలా?

పొద్దుటినుంచి డెబ్బై మెసేజులు. పెళ్ళికి ముందు అయిదేళ్ళ ప్రేమ లెక్కలోకి వస్తుందా అని ఒకడు. రెండో పెళ్ళైతే కలుపుకోవాలా అని ఒకడు. అదంతా నేను కల్పించాను, బక్క మనుషులు ముందు చక్రం తక్కువ లోతు పెట్టుకోండి, అంతే, అని టైపు చేశాను. చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. చెరిపేశాను.

ఏప్రిల్ 3, సాయంత్రం 4

మెకానిక్ మా గాజు షాపుకొచ్చాడు. ఎప్పుడూ రాడు. అద్దం కావాలేమో అనుకున్నాను. తనూ ఒక సైకిలు కట్టుకుంటున్నాడట. వెనక చక్రం అయిపోయిందట. ముందుదాని దగ్గర ఆగిపోయాడట.

వాళ్ళావిడ ఇల్లు విడిచి వెళ్ళి తొమ్మిదేళ్ళట. విడాకులేం లేవట. పెళ్ళి లెక్క ఆవిడ వెళ్ళిన రోజు దాకా కట్టాలా, ఇవాళ్టి దాకానా సార్ అని అడిగాడు.

ఎక్కువ లోతే వస్తే బాగుండునన్నట్టు చూస్తున్నాడు.

కూర్చోమన్నాను.