లంగరు మోటారు బిగించాను

నాన్నా, నేను క్షేమం. నీ పడవ నాకంటే క్షేమం, కాబట్టి దాన్ని అమ్మే మాట ఇంకెవరితోనూ అనకు.

లంగరు లాగే కరెంటు మోటారు నేనే బిగించాను. వైర్లు తారుమారుగా కలిపినట్టున్నాను, పైకి లాగే మీట నొక్కితే గొలుసంతా గడగడమంటూ నీళ్లలోకి పోయింది. “అమ్మాయ్, దించడానికి మోటారెందుకే? వదిలేస్తే అదే పోతుందిగా!” అని పక్క పడవ తాత ఒకటే నవ్వు. ఒళ్లు మండి, వైర్లు మార్చి మళ్లీ నొక్కాను. లంగరు బురదతో సహా బుద్ధిగా పైకొచ్చింది.

తమ్ముడు పట్టుకెళ్లిన నా పానా అడిగి తీసుకో. అమ్మ మోకాలు ఎలా ఉంది? అడిగానని చెప్పు.

నీ నడుం చూసి డాక్టరు గొలుసు లాగొద్దన్నాడు గానీ, మీట నొక్కొద్దనలేదు. నీ టోపీ ఇంకా మేకుకే వేలాడుతోంది. పానాతో పాటు నువ్వూ వచ్చెయ్.

నీ పెద్దది