ఐదు గంటలకు చేపల తొట్టి

బేతంచెర్ల
18 ఫిబ్రవరి 2007, ఆదివారం
పొడి గాలి. పొద్దున బండల పాలిష్ షెడ్డు కాలువలో పేరుకున్న రాతి బురద తీయించాను.

ప్రియమైన సుందరికి,

నువ్వు మైదుకూరుకు, మీ అక్క ఇంటికి పోయి ముప్పై తొమ్మిది రోజులు. ఫోన్లో నాకు మాట పెగలదు, నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

పోయేటప్పుడు వాకిట్లో నిలబడి ఒక్క మాటే అన్నావు, "ఉదయ చేపల్నయినా బతికించండి" అని. ఆ మాట మీదే ఉన్నాను. బతికించినట్టు నీకు కనబడే ఏర్పాటు ఒకటి చేశాను.

అమ్మాయికి కొన్న కంప్యూటరు అక్టోబరు నుంచి దుప్పటి కిందే ఉండింది. తీశాను. పుస్తకం చూసి కొంత, తప్పులు చేసి కొంత నేర్చుకున్నాను. కర్నూలు నుంచి వెబ్‌క్యామ్ తెచ్చాను. నిమ్మకాయంత ఉంటుంది. తొట్టికి ఎదురుగా ఇడ్లీ పాత్ర బోర్లించి, దాని మీద కూర్చోబెట్టి రబ్బరు బ్యాండు వేశాను. ఇంటర్నెట్ కలిపేది మాత్రం నాకు రాలేదు. పిల్లలకు కంప్యూటరు నేర్పే గాబ్రియేలును పిలిచాను.

"ఏమప్పా రామసుబ్బయ్యా, చేపలకు కాపలా పెడతాండావా? ఎత్తకపోతారని భయమా?" అన్నాడు.

"ఉదయ వాళ్ళమ్మ చూస్తాది, మైదుకూరు నుంచి" అన్నాను.

ఆ తర్వాత అతను నవ్వలేదు. పని ముగించి టీ కూడా తాగకుండా పోయాడు.

మీ వీధి చివర నెట్ సెంటరు ఉందట. ఏమేం నొక్కాలో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా కెమెరా వేసి ఉంచుతాను. ఎర్రవి రెండూ బాగా తింటున్నాయి. నల్లది, అమ్మాయి బొగ్గు అని పిలిచేది, ఎప్పటిలాగే రాయి వెనక దాక్కుంటోంది.

నీ జాబు కోసం చూసే
రామసుబ్బయ్య


మైదుకూరు
27-2-2007

బేతంచెర్లలో ఉన్న మీకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. అక్కను తోడు తీసుకుని నెట్ సెంటరుకు పోయాను. దాన్ని నడిపే అబ్బాయి పేరు ఆనందం.

"ఎవురితో మాట్లాడాలక్కా?" అన్నాడు.

"మాట్లాడేది లేదు నాయనా. చేపల్ని చూడాల."

"చేపల్నా? సంతలో శానా ఉండాయి కదక్కా, దానికి కంప్యూటరెందుకు?"

అక్క వాణ్ణి కసిరింది. చీటీ చూసి వాడే అన్నీ నొక్కాడు. బొమ్మ వచ్చింది. ఒకటి వచ్చి ఆగిపోతుంది, కాసేపటికి ఇంకొకటి వస్తుంది. రెండు ఎర్ర మచ్చలు కనిపించాయి. బొగ్గు కనబడలేదు. అక్కడి ఉప్పు నీళ్ళకు గాజంతా తెల్లటి పొర కట్టింది. ఉదయ వారానికోసారి నిమ్మచెక్కతో రుద్దేది. మీరు చూసి ఉండరు. కాస్త తుడవండి.

నేనెందుకు వచ్చేశానో మీరింతవరకు అడగలేదు. నేనే చెబుతాను. మీరు రోజూ రాసుకునే నోటుబుక్కు చదివాను. అక్టోబరు పద్నాలుగు. "వాన. షెడ్డు మీద ఎగిరిపోయిన రేకు బిగించాను." అంతే. కర్నూలు ఆసుపత్రిలో మన బిడ్డ జ్వరంతో పోయిన రోజు అది. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నారు కదా, దాని కోసం ఒక్క మాట దొరకలేదా? మరుసటి పేజీలో "ఎండ" అని ఉంది.

ఆ ఇంట్లో ఏడ్చేది నేనొక్కదాన్నే అనిపించింది.

ఉగాదికి ఇంటికి పోతావా అని అక్క అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. ఐదింటికి మాత్రం పోతున్నాను.

సుందరలక్ష్మి


బేతంచెర్ల
9 మార్చి 2007, శుక్రవారం
ఎండ ముదిరింది. మోటారుకు కొత్త బెల్టు వేశాను.

ప్రియమైన సుందరికి,

మంగళవారం గాజు తుడిచాను. ఇప్పుడు తేటగా కనబడుతుంది. తర్వాత రెండు రోజులు కరెంటు లేక కెమెరా వేయలేదు. ఇవాళ్టి నుంచి మామూలే. మూడూ బాగున్నాయి. బొగ్గు చురుగ్గా తిరుగుతోంది.

నోటుబుక్కు గురించి నువ్వు రాసింది చదివాను. జవాబు రాయాలని రెండుసార్లు కూర్చున్నాను.

ఉగాదికి వస్తానంటే నంద్యాల దాకా ఎదురొస్తాను.

రామసుబ్బయ్య


మైదుకూరు
14-3-2007

ఉదయ వాళ్ళ నాయనకు,

కరెంటు పోలేదు. మంగళవారం ఐదింటికి నేను నెట్ సెంటరులోనే ఉన్నాను.

ఆ రోజు బొమ్మ ఎంత శుభ్రంగా వచ్చిందో. తొట్టిలో ఏదీ కదలడం లేదు. మీరు దాని పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో తువ్వాలు. తువ్వాలులో మూడు చేపలు. కెమెరా సంగతి మరిచిపోయినట్టున్నారు. ఒక బొమ్మలో మీ నోరు తెరిచి ఉంది. తర్వాతి దాంట్లో రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి. చప్పుడు ఇక్కడికి రాదు కదా.

ఆనందం నా వెనక నిలబడి చూశాడు. "ఆపేద్దునా అక్కా?" అన్నాడు. "ఆపొద్దు" అన్నాను. అరగంటా చూశాను. మీరు ఏడవగా చూడడం పెళ్ళయ్యాక అదే మొదలు.

శుక్రవారానికి మళ్ళీ మూడు చేపలు ఉన్నాయి. కొత్త నల్లది గాజు దగ్గరే తిరుగుతోంది. మన బొగ్గు ఉదయ వేలు ఆనిస్తేనే బయటికి వచ్చేది. నేనెక్కడ రాకుండా పోతానో అని చేశారు. నాకు కోపం లేదు. కానీ ఆ చేపల కోసం నేను రాను. వాటిని ఎవరికైనా ఇచ్చేయండి. కెమెరా మాత్రం తీయొద్దు. తొట్టి ఖాళీగా ఉన్నా సరే, ఐదింటికి మీరు దాని ముందు కూర్చోండి.

ఒక్కటి అడుగుతాను. లోపల అంత ఏడుపు పెట్టుకున్న మనిషి, ఆ రోజు రేకు గురించి ఎందుకు రాశారు?

సుందరి


బేతంచెర్ల
18 మార్చి 2007, ఆదివారం
వేడి గాలి. మబ్బు లేదు.

ప్రియమైన సుందరికి,

ముందు చేపల సంగతి. బండలకు ఆఖరి మెరుపు తెచ్చే తెల్ల పౌడరుతో గాజు రుద్దాను. రాతి మీది సున్నపు మరక దానికి నిమిషంలో పోతుంది. ఐదింటికల్లా నీకు తేటగా కనబడాలని తొందరపడ్డాను. చేపలను బక్కెట్లోకి మార్చి, తొట్టిని మూడుసార్లు కడిగాకే మళ్ళీ వదిలాను. అయినా పౌడరు ఇసుకలో మిగిలింది. నాలుగున్నరకు బొగ్గు వెల్లకిలా తేలింది. తర్వాత మిగతా రెండూ. కెమెరా ముందే వేసి పెట్టిన సంగతి గుర్తే లేదు. నిమ్మచెక్క అని నువ్వు రాశావు. నేను నాకు తెలిసిన పని చేశాను. కొత్తవాటిని గాబ్రియేలు ఇంటికి పంపించాను.

ఇక రేకు. అదీ అలాంటిదే.

ఆ రోజు పొద్దున బట్టలు తెమ్మని ఆసుపత్రి నుంచి నువ్వే నన్ను పంపావు. జ్వరం దిగుతోందని డాక్టరు చెప్పాడు. ఇక్కడ వాన. షెడ్డు రేకు ఎగిరిపోయి మోటారు తడుస్తోంది. దేవేంద్రప్ప నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నువ్వు పోప్పా, బిడ్డ కాడికి పో. ముప్పై ఏండ్ల నుంచి ఈడ పని చేస్తాండా, రేకు నాకు చాతగాదా?" అన్నాడు. "నీకు సరిగ్గా రాదులే" అని నేనే ఎక్కాను. పదకొండు గంటల ప్యాసింజరు నేను పైన ఉండగానే పోయింది. దాని కూత విన్నాను. రెండు మేకులే మిగిలాయి గదా అని అవీ కొట్టి దిగాను.

రైలు ఆలస్యమైందని నీకు చెప్పాను. ఆలస్యం కాలేదు.

తర్వాతి బండికి నేను వచ్చేసరికి అమ్మాయి పోయి అరగంటయింది. "నాయన వచ్చినాడా" అని నాలుగుసార్లు అడిగిందని నువ్వు చెప్పావు. నోటుబుక్కులో నేను చేసిన పనే రాస్తాను. ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే. అది వదిలేసి బిడ్డ గురించి ఎన్ని మంచి మాటలు రాసినా అబద్ధమే అవుతుంది. అది రాశాక మిగతాది రాయడానికి నాకు మొహం లేదు.

ఎల్లుండి ఉగాది. ఆలోగా ఈ ఉత్తరం చేరితే, ఇది తెలిశాక నువ్వు రాకపోవచ్చు. నంద్యాల బస్టాండుకు మాత్రం నేను పోతాను.

ఐదు కావస్తోంది. ఖాళీ తొట్టి ముందు పీట వేసుకుని రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు ఇంకా చేరలేదు. ఏమీ తెలియని నువ్వు నన్ను చూసే ఆఖరి రోజులు ఇవి. కెమెరా మీది చిన్న దీపం వెలిగింది. అక్కడ కూర్చున్నావో లేదో నాకు తెలిసే దారి లేదు. తల వంచుకుని రాస్తుంటే మొహం కనబడదేమో.

ఇవాళ చేసిన పని పైన రాయడం మరిచాను. పొద్దున నేను... అది ఉండనీ, కలం పక్కన పెట్టి తల ఎత్తుతున్నాను.