పాటలావిడ నంబరు

ఎడపల్లి,
జనవరి 8

ప్రియమైన స్నేహా,

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో ఫోన్ ఎవరిదైనా అందరిదే. నాకు మెసేజ్ వస్తే మా అత్తయ్య సీతమ్మగారు మా అమ్మాయి దీక్షిత చేత పైకి చదివించుకుని, ఎవరు ఏమిటని ఆరా తీశాకే అది నా చేతికొస్తుంది. అందుకే నువ్వు కూడా మా బడి అడ్రసుకే రాయి.

కిందటి నెల నీ జిరాక్స్ షాపులో కాగితం మీద గీసిచ్చావే, అలాగే నా పాటల వెబ్‌సైట్ కడుతున్నాను. బడి కంప్యూటర్లో, భోజనాల గంటలో, రోజుకింత. మూడో తరగతికి లెక్కలు చెప్పుకునే దాన్ని, నాకిదంతా కొత్త. ఫోటో ఒకచోట పెడితే ఇంకోచోట తేలుతుంది. నిన్నయితే పేజీ తెరవగానే మొదటి పాట దానంతటదే మోగింది. స్టాఫ్ రూమంతా నావైపు తిరిగితే, ఏం చేయాలో తోచక ప్లగ్గు పీకేశాను.

మొత్తం ఆరు పాటలు. రాసిందీ, బాణీ కట్టిందీ నేనే. అందరూ చెరుకు తోటకి వెళ్లాక ట్రాక్టరు షెడ్డులో నిలబడి పాడి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఐదింటితో పేచీ లేదు. ఆరోదే నా ప్రాణం తీస్తోంది. నీకు తెలుసుగా,

"చెప్పులతో పాటు గొంతూ విడిచాను గడప బయట..."

పెళ్లయిన కొత్తలో వంటింట్లో కూనిరాగం తీస్తుంటే అత్తయ్య, "కోడళ్లు పాడే ఇల్లు కాదమ్మా ఇది" అన్నారు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆ ఇంట్లో నేను నోరు విప్పి పాడలేదు. ఈ పాట ఆవిడ చెవిన పడితే రేపు ఆవిడ ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తినను? పెట్టనా, మాననా? తొందరగా చెప్పు.

భయం భయంగా,
సుచిత్ర


కంఠేశ్వర్, నిజామాబాద్,
జనవరి 19

మా పిరికి సుచిత్రకు,

డిగ్రీ రోజుల్లో బోధన్ బస్సులో సీటు దొరక్కపోయినా కమ్మీ పట్టుకుని పాడిన మనిషివి. కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి విన్నాడు. ఇప్పుడేమో ప్లగ్గు పీకేస్తున్నావు.

ముందు ఆ పాట దానంతటదే మోగడం ఆపు. సెట్టింగ్స్‌లో ఉంటుంది, ఒక్క టిక్కు తీసేస్తే చాలు. వచ్చినవాళ్లు కావాలంటే వాళ్లే నొక్కి వింటారు. నీ ఫోటో ఒకటి పెట్టు, నీ గురించి నాలుగు మాటలు రాయి. చివర ఫోన్ నంబరు మాత్రం మరిచిపోకు. పాట నచ్చినవాళ్లు నిన్ను ఎక్కడని వెతుక్కుంటారు?

ఇక ఆరో పాట. కిందటి నెల నువ్విచ్చి వెళ్లిన రికార్డింగ్‌ని మొన్న షాపులో పెట్టుకుని వింటున్నాను. బాల్కొండ నుంచి పసుపు రైతు సాయన్న పాస్‌బుక్ జిరాక్స్‌కి వచ్చాడు. కాగితాలు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పాట అయిపోయాక, "గీ పాట ఎవలు పాడిండ్రక్కా? మా అవ్వ గిట్లనే ఉంటుండె, ఒక్కనాడు బయటికి చెప్పలే" అన్నాడు. ఆ పాట తీసేస్తే నేను నీతో మాట్లాడను.

నీ మీద కోపం, బెంగ రెండూ ఉన్న,
స్నేహలత


ఎడపల్లి,
ఫిబ్రవరి 6

స్నేహా,

నీ మాట విని ఆరూ పెట్టాను. సైట్ తెరిచి పదహారు రోజులైంది. చూసినవాళ్ల లెక్క కింద కనిపిస్తుందన్నావుగా, అది రెండు వందలు దాటింది. ఫోన్ మాత్రం ఒక్కటీ రాలేదు. బాగుందని ఒక్కరికీ అనిపించలేదంటే, బాగాలేదనే కదా.

అంతకంటే పెద్ద గుబులు ఇంట్లో ఉంది. అత్తయ్య మారిపోయారు. నేను బడి నుంచి రాగానే మాట ఆపేస్తారు. ఇంటి ఫోన్ ఎప్పుడూ అలమర మీద పడి ఉండేది, ఇప్పుడు ఆవిడ బొడ్లో దోపుకుని తిరుగుతున్నారు. నిన్న అన్నం వడ్డిస్తూ నా మొహంలోకి అలా చూస్తుండిపోయారు. ఒంట్లో బాగోలేదా అంటే, "నాకేం, బాగానే ఉన్నాను" అన్నారు. మా ఆయన సాయిప్రసాద్‌నడిగితే చెరుకు కోతల్లో తలమునకలై ఉన్నానంటూ తప్పించుకుంటున్నారు.

ఎవరో చెప్పేశారు, స్నేహా. నాకు తెలిసిపోతోంది. సోమవారం సైట్ మొత్తం తీసేస్తాను. ఇక నాకీ సరదా వద్దు.

ఓడిపోయిన,
సుచిత్ర


కంఠేశ్వర్,
ఫిబ్రవరి 9

సుచిత్రా,

ఉత్తరం అందగానే రాస్తున్నాను. పోస్టును నమ్మకుండా మీవైపు వచ్చే అంకిత టీచరు చేతికిస్తున్నాను. ఏదీ తీయకు.

ఫోన్ ఎందుకు రాలేదా అని నీ సైట్లో ఉన్న నంబరుకు నేనే చేశాను. ఒక పెద్దావిడ ఎత్తింది. "పాటలావిడ బడికెళ్లిందండి. మీ పేరు, ఊరు చెప్పండి, రాయించి పెడతాను" అంది. మీ అత్తయ్య గొంతు నేను గుర్తుపట్టనా? టక్కున కట్ చేశాను.

అప్పుడు నంబరు సరిగ్గా చూశాను. గ్యాస్‌కి, రేషన్‌కి, దీక్షిత బడికి, చెరుకు పర్మిట్‌కి, ఏ కాగితం పూర్తి చేసినా అలవాటుగా నువ్వు రాసే నంబరది. మీ ఆయన కొత్త ఫోన్ కొనుక్కుని పాతది ఇంట్లో వదిలేశాడే, ఆ ఇంటి నంబరు. నీ పాటల కింద కూడా చెయ్యి దాన్నే రాసేసింది తల్లీ. వచ్చిన ఫోన్లన్నీ ఆవిడకే పోయాయి.

ఆవిడకు ఎంత తెలుసో నాకు తెలియదు. నువ్వే అడుగు. దాక్కోకు.

నీకంటే ఎక్కువ వణుకుతున్న,
స్నేహ


ఎడపల్లి,
ఫిబ్రవరి 16

నా స్నేహకు,

అడిగాను. అడగడానికి మూడు రోజులు పట్టింది.

అత్తయ్య లోపలికెళ్లి దీక్షిత రఫ్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. వెనక పేజీలో తొమ్మిది పేర్లు, ఊళ్లు, నంబర్లు. కొన్నిటి పక్కన "ఆదివారం చేస్తారట", ఒకదాని పక్కన "ఆడవాళ్ల సంఘానికి నేర్పమంది" అని మా అమ్మాయి వంకర అక్షరాలు. మరి నాకెందుకు చెప్పలేదంటే, నువ్వే చెబుతావేమోనని చూశానన్నారు.

వాళ్లలో ఒకావిడ, మీ అమ్మాయి ఎంత బాగా పాడిందో వినండంటూ ఆరో పాటే ఫోన్లో వినిపించిందట, మొదటి నుంచి చివరిదాకా. క్షమించమనడానికి నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"నీ నోరు మూయించానని లోకమంతా వినేట్టు పాడావు. మూయించాను, కాదనను. మరి పిల్ల ఏడాదిదప్పుడు జ్వరంతో నాలుగు రోజులు కళ్లు తెరవకపోతే, పాడు తల్లీ, నీ గొంతుకైనా కళ్లు తెరుస్తుందేమో అని నిన్ను బతిమాలిందెవరు? అదెందుకు రాయలేదు?"

నిజం స్నేహా, నేను మరిచేపోయాను. పదకొండేళ్లు ఆ ఇంట్లో పాడలేదని నీకూ రాశాను, నేనూ నమ్మాను. పాడాను. ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని విన్నారు. ఒకే మాటను ఇన్నేళ్లు పట్టుకున్నదాన్ని, రెండో మాట ఎక్కడ పారేసుకున్నానో తెలియదు. ఏడుపొచ్చింది. ఆవిడేమో, ముందు కాఫీ తాగమన్నారు.

ఆరో పాట తీయలేదు. తీయనన్నాను, తీయొద్దనే అన్నారు. ఏడోది రాస్తున్నాను. రోజూ సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని, ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు.

నిన్న బడిలో సైట్ తెరిచి నా సొంత నంబరు పెడదామనుకున్నాను. ఎందుకైనా మంచిదని ముందుగా ఇంట్లో ఒక మాట చెప్పాను. అత్తయ్య బొడ్లో ఫోన్‌ను చేత్తో తడుముకున్నారు.

"ఎందుకూ? నేను ఎత్తుతూనే ఉన్నాగా" అన్నారు.

నంబరు మార్చలేదు.

నీ పాటలావిడ,
సుచిత్ర