సంచీడు దారప్పోగులు

చెల్లీ,

కొనేశాం! వైరు లేని వాక్యూమ్ క్లీనర్! నడుం ఆపరేషనయ్యాక మీ బావగారు వంగి చీపురు పట్టలేక, నా కుట్టుమిషన్ కింద చెత్త చూస్తూ మొహం వేలాడేసుకుని కూర్చునేవారు కదా. అందుకే నిన్న సంచీ నిండా దారప్పోగులు షాపుకి పట్టుకెళ్ళి నేలంతా చల్లేశాను. సేల్స్‌మన్ లబోదిబోమన్నాడు. మొదటి రెండు మిషన్లూ గొంతులో దారాలు చుట్టుకుని మూగబోయాయి. మూడోది చకచకా లాగేసింది! పైగా దూదిలా తేలిక. మీ బావగారు నిటారుగా నిలబడి షాపంతా ఊడ్చేశారు, అడక్కుండానే పక్క షాపు గుమ్మం కూడా!

ఇవాళ పొద్దుట్నించీ ఇల్లు ఊడవడం నాలుగుసార్లయింది. ఇక చెత్త మిగల్లేదని ఆయనకి కొత్త దిగులు పట్టుకుంది. ఆదివారం వస్తావుగా, చెప్పులు గుమ్మంలో విప్పకు. మట్టితోనే లోపలికి వచ్చెయ్, ఆయన ఎదురుచూస్తుంటారు.

మీ అక్క