ఎ గారి స్టూలు

మావయ్యకి,

పెట్టిన నమస్కారం దించకుండానే కలం పట్టుకున్నాను, అంత హడావిడిలో ఉన్నాను.

ఇవాళ్టి లా క్లాసు నుంచి ఇంకా తేరుకోలేదు. పాఠం పనివాడికీ యజమానికీ మధ్య ఉండే ఒప్పందం గురించి. మా మాస్టారు సుద్దముక్క కూడా ముట్టుకోకుండా అడిగారు: "కాగితం లేదు, సంతకం లేదు. ఒక మనిషి రోజూ పొద్దున్నే వచ్చి పనిలో కూర్చుంటున్నాడు. ఇంకో మనిషి కూర్చోనిస్తున్నాడు. ఒప్పందం ఉన్నట్టా, లేనట్టా?" లేనట్టే అని అందరం అరిచాం. ఉందిట మావయ్యా! పనిలో కూర్చోవడమే సంతకంట. నోరు వెళ్లబెట్టేశాను.

నువ్వు గుర్తొచ్చావు. ఇరవై ఏడేళ్లుగా ఆ బైండింగు షాపులో ఊరందరి పుస్తకాలకీ అట్టలు వేస్తున్నావు. నీకంటూ ఒక్క కాగితం లేదు. అయినా చట్టం నిన్ను మొదటిరోజు నుంచీ చూస్తూనే ఉందన్నమాట.

సరే, ఎ అనే అతని సంగతి నీకు చెప్పాలి. ఎ ఇరవై ఏళ్లు బి దగ్గర కాగితాల కోత పని చేశాడు. ఒకరోజు బి ఒక కాగితం తెచ్చి, "నేను పనివాణ్ణి కాను, స్వతంత్ర కాంట్రాక్టరుని, పిలిస్తేనే వస్తాను" అని రాసి ఉన్నచోట సంతకం పెట్టమన్నాడు. ఎ మొహమాటపడి పెట్టేశాడు. ఇప్పటికి మూడు నెలలు, బి పిలవలేదు. ఎ పనివాడేనా, కాదా? వచ్చే నెల పదో తారీకున నోటి పరీక్షలో నేను జవాబు చెప్పాలి. నువ్వేమంటావు?

నీ మేనకోడలు

తా.క. ఇంటి చాకిరీకి ఈ చట్టం వర్తించదట, అత్తయ్యకి చెప్పు. ఎందుకు వర్తించదని మాస్టారిని అడిగాను. ముందు నవ్వారు. తర్వాత ఎందుకో నవ్వడం మానేశారు.

*

మా ప్లీడరమ్మకి,

మీ మావయ్య మనసారా దీవించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం, ఎ గారి గురించి బెంగ తప్ప.

నీ ఉత్తరం భోజనాల వేళ షాపులో పైకి చదివాను. ఎవరికీ ముద్ద దిగలేదు. ఇరవై ఏళ్లు! పేరు రాయకుండా ఎ అని ఊరుకున్నావు, మంచిపని చేశావు. పరువు గల మనిషి అయ్యుంటాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది కానీ ఆడపిల్లకి రాసే ఉత్తరంలో రాయలేను.

మావాళ్లకి కొన్ని అనుమానాలున్నాయి. ఎ గారు వాడే కత్తి ఎవరిది, సాన ఎవరు పట్టించేవారు అని జిగురు తాతయ్య అడుగుతున్నాడు. ఎన్నింటికి రావాలో ఎవరు చెప్పేవారు, ఆలస్యమైతే ఎవరు తిట్టేవారు అని కుట్టు అక్క అడుగుతోంది. "తిట్టేవాడుంటే పనివాడే. కాంట్రాక్టరుని ఎవరూ తిట్టరు, బతిమాలతారు" అని ఆవిడ వాదన. నా ప్రశ్న ఒకటే. ఒంట్లో బాగోకపోతే ఎ గారు తన బదులు ఇంకొకరిని పంపొచ్చా, తనే రావాలా?

ఇట్లు,
మీ మావయ్య

తా.క. బి తండ్రి బతికే ఉన్నాడా? ఉంటే చెప్పు, ఇద్దరు పెద్దమనుషులం వెళ్లి మాట్లాడతాం.

తా.తా.క. మా షాపు యజమాని పెద్దాయన విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఇప్పుడంతా వాళ్లబ్బాయే. ఒకటో తారీకున మా అందరిచేతా ఏదో కాగితం మీద సంతకాలు పెట్టిస్తాడట. నీ చదువు పాడుచేసుకోకు, అదేదో లాంఛనం.

*

మావయ్యా,

నమస్కారం కాదు, ఈసారి సాష్టాంగమే.

మీ ప్రశ్నలు క్లాసులో చదివాను. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎవరి అదుపు, ఎవరి పనిముట్లు, బదులు మనిషిని పంపొచ్చా — ఇవన్నీ తేల్చుకోవడానికి కోర్టులకి ఏళ్లు పట్టిందట. మీరు క్యారేజీ ముందు కూర్చుని ఒక్క పూటలో తేల్చేశారు! "ఎవరమ్మా వీళ్లు, ఎక్కడ చదివారు?" అని అడిగారు. "పుస్తకాల దగ్గరే ఉంటారండీ, చదవరు, కుడతారు" అన్నాను.

కానీ మావయ్యా, ఒక్క మాట. ఎ అనే మనిషి లేడు. పరీక్ష కోసం మాస్టారు కల్పించిన ప్రశ్న అది. బి కూడా లేడు, వాళ్ల నాన్నా లేడు.

అసలు సంగతి ఆ కాగితం. ఏమిటది? ఏం రాసుంది? నేను చదివేదాకా సంతకం పెట్టకు. ఒక నకలు పంపు.

నీ మేనకోడలు

తా.క. కుట్టు అక్క మాటని మా క్లాసులో నలభైమంది నోట్సులో రాసుకున్నారు. "తిట్టు సూత్రం" అని పేరు పెట్టాం.

*

ప్లీడరమ్మా,

ఆశీస్సులు. నీ ఇబ్బంది అర్థమైంది. కేసు నడుస్తుండగా పేర్లు బయటపెట్టకూడదు, నిజమే. అయినా "ఆ మనిషి లేనే లేడు" అని నువ్వు రాయగానే జిగురు తాతయ్య తొడ చరిచి, "అదుగో, బి కూడా రేపు కోర్టులో ఇదే అంటాడు!" అన్నాడు. నువ్వు లేడనే చెప్పు తల్లీ. మేము ఉన్నాడనే అనుకుంటాం.

అందరం ఒక మాట అనుకున్నాం. ఎ గారు కోత పని తెలిసినవాడు కదా, ఇక్కడికి వచ్చేయమను. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట ఒక స్టూలు తుడిచి వేశాం. ఒక కాలు కుంటిది, కింద అట్టముక్క పెట్టాను. అత్తయ్య కూడా ఆయన వచ్చేదాకా ఎవరూ కూర్చోకూడదని గుడ్డ కప్పి వెళ్లింది.

ఆ కాగితానికి నకలు లేదు. చిన్న యజమాని సొరుగులో పెట్టి తాళం వేశాడు. చదవక్కర్లేదు, పెడితే చాలట. ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నావు! "ఇకమీదట మీరంతా స్వతంత్రులు, మీకు మీరే యజమానులు" అన్నాడు. ఇరవై ఏడేళ్లలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. పెద్దాయన కొడుకు, కాదనడం ఎలా? పెట్టేస్తాను.

మీ మావయ్య

తా.క. ఎ గారు ఎత్తు ఎంత ఉంటారు? స్టూలు కాళ్లు కోయాలేమో.

*

మావయ్యా!

నమస్కారాలు తర్వాత. సంతకం పెట్టకు!

"స్వతంత్రులు" అంటే ఏమిటో నీకు ఇంకా తెలియలేదా? అది ఎ సంతకం పెట్టిన కాగితమే. పెట్టాక కూడా కోర్టు నిజం చూడొచ్చు, కానీ అది చూసేలోపు నువ్వు ఎన్నేళ్లు గుమ్మం బయట నిలబడాలి? నీ ఇరవై ఏడేళ్లు ఒక్క గీతతో పోతాయి. ఎ లేడు మావయ్యా, నువ్వే ఎ!

ఈ ఉత్తరం ఒకటో తారీకులోపు చేరకపోతే నా చదువు దేనికి? ఏడుపొస్తోంది.

నీ మేనకోడలు

తా.క. స్టూలు కాళ్లు కోయకు.

*

మా ప్లీడరమ్మకి,

నిండు మనసుతో దీవిస్తున్నాను. కంగారుపడకు, మొత్తం చదువు.

ఒకటో తారీకు పొద్దున్న తొమ్మిదిమందిమీ వరసలో నిలబడ్డాం. ముందు నేనే. కలం చేతికిచ్చాడు. అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇక్కడ పెట్టండి అని వేలు చూపించాడు. కుట్టు అక్క బల్లకి అటువైపు వెళ్లి అతని వేళ్ల సందుల్లోకి తొంగి చూసింది. ఆవిడకి తలకిందులుగా కూడా చదవడం వచ్చు, పేజీలు అలాగే కదా కుడుతుంది. "పిలిస్తేనే వస్తాను" అని పైకి చదివి, కేక పెట్టింది: "ఒరే, ఇది ఎ గారి కాగితంరా!"

నేను కలం బల్ల మీద పెట్టేశాను. పాపం, ఆ మహానుభావుడికి జరిగిందే మాకూ జరగబోయింది. తొమ్మిదిమందిలో ఒక్కరూ పెట్టలేదు. చిన్న యజమాని "ఎవరా ఎ?" అని హాజరు పట్టీ అంతా తిరగేశాడు. చెప్పం అన్నాం. "ఆయన కేసు మీద యూనివర్సిటీ మొత్తం పనిచేస్తోంది బాబూ" అన్నాడు జిగురు తాతయ్య. అబ్బాయి ముఖం పాలిపోయి మా అట్టల రంగులోకి వచ్చేసింది.

నాలుగోరోజున కొత్త కాగితాలొచ్చాయి. వాటి మీద "ఉద్యోగి" అని ఉంది. నా పేరు ఉంది. నేను చేరిన తేదీ, ఇరవై ఏడేళ్ల కిందటిది, అదీ ఉంది. ఎందరి పేర్లో బంగారు అక్షరాల్లో అచ్చు వేశాను తల్లీ, నా పేరు అలా చూసుకోవడం ఇదే మొదలు. చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ చదువుకున్నాను. ఇంత పెద్ద సంగతి నువ్వు చదువుతున్నావని నాకు ఇప్పుడే తెలిసింది.

పదో తారీకున ధైర్యంగా వెళ్లు. ఎ పనివాడే అని చెప్పు. మీ మాస్టారు కాదంటే సాక్ష్యానికి తొమ్మిదిమందిమి వస్తాం.

మీ మావయ్య

తా.క. నీ ఆఖరి ఉత్తరం రెండో తారీకున చేరింది. ఒక్కణ్ణే చదువుకుని జేబులో పెట్టుకున్నాను, మావాళ్లకి చెప్పలేదు. ఇవాళ కుట్టు అక్క ఆ స్టూలు మీద గుడ్డ దులుపుతూ "ఇంతకీ ఆయన వస్తాడంటావా?" అంది. "వచ్చేశాడక్కా" అని చెప్పి, వెళ్లి కూర్చున్నాను. వెలుతురు నిజంగానే బాగా పడుతోంది.